172వ రోజును అపహరించినదెవరు?

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలు రాగానే అమెరికా పత్రికల క్రీడాపుటలలో జోస్యాల సంత మొదలవుతుంది. అక్కడి జాతీయ క్రీడగా పేరుపొందిన బేస్‌బాల్ పోటీలు మార్చి చివరనో, ఏప్రిల్ మొదటనో ఆరంభమవుతాయి. అంతకు కొన్ని వారాల ముందే జట్లన్నీ ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాలలోని శిక్షణ శిబిరాలలో మకాం వేస్తాయి. ఆ రోజులలో వ్యాఖ్యాతలందరూ ఒకే ప్రశ్న వేసుకుంటారు: ప్రారంభదినాన పెద్దజట్టు జాబితాలో ఉండబోయే 26 మంది ఎవరు? మూడవ స్థానంలో బ్యాటు పట్టేదెవరు? ఎవరిని కింది జట్టుకు తిప్పి పంపుతారు?

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకని పాఠకులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న సమంజసమే. కాని ఆ జోస్యాలను రెండు మూడింటిని వరుసగా చదివిన ఏ కార్మికుడికైనా అవి ఆటను గురించిన రాతలు కావనీ, మస్టర్ రోలును గురించిన రాతలనీ బోధపడక మానదు. ఎవరిని ఏ తేదీన పైకి పిలిస్తే యజమానికి ఎన్ని రోజుల సర్వీసు మిగులుతుంది, ఎవరిని ఎన్ని రోజులు కింద అట్టిపెడితే ఒక సంవత్సరపు చాకిరీ అదనంగా గిట్టుబాటవుతుంది అనే లెక్కలు ఆ రాతలనిండా ఉంటాయి. అంతకంటె విచారకరమైన విషయమేమంటే, ఆ లెక్కను అన్యాయమని ఖండించవలసిన వ్యాఖ్యాతలు అనేకులు దానిని యాజమాన్యపు దూరదృష్టిగా మెచ్చుకుంటారు. "రెండు వారాలు కింద ఉంచితే చాలు, ఒక ఏడాది లాభం" అన్న తీరులో ఉచిత సలహాలు కూడా ఇస్తారు.

ఈ లెక్క మనకు తెలియనిదా? 120 రోజుల నిరంతర సర్వీసుతో తాత్కాలిక హోదా లభిస్తుందన్న నిబంధన ఉన్నచోట, ఆ గడువు నిండకముందే కాజువల్ కార్మికుడిని ఇంటికి పంపి, కొన్నాళ్లకు మళ్లీ కొత్తవాడిగా పనిలోకి పిలిచిన చరిత్ర మనది. దేశం వేరు, ఆట వేరు, జీతాల పరిమాణం వేరు. కాని రోజులను దొంగిలించే విద్య మాత్రం ఒక్కటే.

ఆప్షన్ ఎవరిది?

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. బంతి విసిరేవాడు, బ్యాటుతో కొట్టేవాడు, మైదానంలో పట్టేవారు, వెరసి జట్టుకు తొమ్మిదిమంది. అగ్రశ్రేణిలో 30 క్లబ్బులున్నాయి. ప్రతి క్లబ్బుకూ అడుగున నాలుగు మెట్లుగా నాలుగు కింది జట్లుంటాయి: ట్రిపుల్-ఎ, డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ. వాటికీ దిగువన కొత్తగా చేరినవారికి శిక్షణ కేంద్రాల పోటీలు, డొమినికన్ రిపబ్లిక్ దేశంలో బాలురను తయారుచేసే అకాడమీలు ఉన్నాయి. ఈ కింది వ్యవస్థనంతటినీ అక్కడివారు 'ఫార్మ్ సిస్టమ్' అంటారు. 1920ల దశకంలో సెయింట్ లూయీ కార్డినల్స్ క్లబ్బు నిర్వాహకుడు బ్రాంచ్ రికీ దీనిని ఒక పద్ధతిగా స్థిరపరిచాడు. పేరులోనే నిజం దాగి ఉన్నది: అది పంటపొలం. పండేది మనుషులు, కోత కోసేది యజమాని.

పెద్దజట్టులో ఆడే 26 మందిపైన 40 మంది రిజర్వు జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలోని ఆటగాడిని మూడు సంవత్సరాలపాటు యజమాని తన ఇష్టం వచ్చినట్లు కిందికి పంపవచ్చు, పైకి పిలవవచ్చు. దీనికి వారు పెట్టిన పేరు 'ఆప్షన్'. మన కార్యాలయాలలో ఆప్షన్ అంటే ఏమిటి? వేతన సంఘం సిఫారసులు అమలులోకి వచ్చినప్పుడు ఏ తేదీ నుంచి కొత్త స్కేలు కావాలో ఉద్యోగి తన చేతితో రాసి ఇచ్చే కాగితం. అంటే ఎంపిక ఉద్యోగిది. అక్కడ మాత్రం ఆప్షన్ యజమానిది. ఎక్కే దిగే ప్రయాణం ఆటగాడిది. ఒకే ఏడాదిలో ఒక మనిషిని ఎన్నిసార్లయినా ఇలా తిప్పే అధికారం 2022 వరకు వారికి ఉండేది. ఆ సంవత్సరం కుదిరిన ఒప్పందంలో ఆటగాళ్ల సంఘం పోరాడి దానికి ఏడాదికి ఐదుసార్లు అని హద్దు విధించగలిగింది. ఐదుసార్లు అన్న పరిమితినే విజయంగా చెప్పుకోవలసి వచ్చిందంటే అంతకుముందటి స్థితిని ఊహించుకోవచ్చు.

మరొక పదబంధం 'డెజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్'. ఇది సస్పెన్షన్ కాదు, బదిలీ కాదు, తొలగింపూ కాదు. 40 మంది జాబితానుంచి పేరు కొట్టివేస్తారు. ఏడు రోజులలోగా అతడిని మరొక క్లబ్బుకు మార్పిడి చేయవచ్చు, ఎవరైనా కోరుకుంటే ఇచ్చివేయవచ్చు, కింది జట్టుకు తోయవచ్చు, లేదా వదిలివేయవచ్చు. ఆ ఏడు రోజులూ భార్యాబిడ్డలతో ఏ ఊరిలో కాపురం పెట్టాలో ఆ మనిషికి తెలియదు. పత్రికలలో ఇది ఒక్క వాక్యపు వార్త: 'జట్టులో మార్పులు'.

ఈ మెట్ల అడుగుభాగాన మన దేశస్థులు కూడా నిలిచిన సందర్భం ఉన్నది. 2008లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే యువకులతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బు ఒప్పందం చేసుకున్నది. మరుసటి ఏడాది వారు అన్నింటికంటె కిందిమెట్టు పోటీలలో బంతి విసిరారు. దినేశ్ పటేల్‌ను 2010లోనే క్లబ్బు వదిలివేసింది. రింకూ సింగ్ కొన్నేళ్లు కొనసాగినా పెద్దజట్టు మెట్టు ఎక్కలేదు. 2014లో వారి కథతో హాలీవుడ్ చిత్రం కూడా వచ్చింది. ఒప్పందపు వేడుక వెండితెరకు ఎక్కుతుంది. వదిలివేసిన కాగితం ఏ తెరకూ ఎక్కదు. అయినా ఆ పొలంలో చేరినవారిలో అత్యధికుల జీవితచరిత్రలో చివరి పుట ఆ కాగితమే.

ఒక్క రోజు వెల

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. పెద్దజట్టులో ఆటగాడి హక్కులన్నీ సర్వీసు దినాలను బట్టి నిర్ణయమవుతాయి. క్రీడా సంవత్సరం సుమారు 187 రోజులు. అందులో 172 రోజులు పెద్దజట్టు జాబితాలో ఉంటే ఒక సంవత్సరం సర్వీసు నిండినట్లు. సాధారణంగా మూడు సంవత్సరాలు నిండితేగాని జీతం విషయమై మధ్యవర్తి ముందుకు వెళ్లే హక్కు రాదు. ఆరు సంవత్సరాలు నిండితేగాని తనకు నచ్చిన క్లబ్బులో చేరే స్వేచ్ఛ రాదు. అంతవరకు అతడు తొలి క్లబ్బుకు కట్టుబడినవాడే. కాబట్టి తొలి ఏడాదిలో ఒక్క రోజు తగ్గించగలిగితే, ఆరేళ్ల బంధం ఏడేళ్ల బంధమవుతుంది.

2015వ సంవత్సరపు శిక్షణ శిబిరంలో చికాగో కబ్స్ క్లబ్బుకు చెందిన క్రిస్ బ్రయంట్ అనే యువకుడు తొమ్మిది హోమ్ రన్‌లు కొట్టాడు. ఆ శిబిరాలలో అంతటి ఆట చూపినవారు అరుదు. పెద్దజట్టులో అతనికి స్థానం తప్పదని ఆట తెలిసినవారందరూ భావించారు. యాజమాన్యం మాత్రం అతనిని అయోవా రాష్ట్రంలోని ట్రిపుల్-ఎ జట్టుకు పంపింది. మైదానంలో బంతి పట్టే నైపుణ్యం ఇంకా మెరుగుపడాలన్నది వారు చెప్పిన కారణం. ఏప్రిల్ 17న, అనగా పోటీలు మొదలైన తరువాత సరిగ్గా పన్నెండు రోజులు గడిచిన పిమ్మట, ఆ నైపుణ్యం హఠాత్తుగా సిద్ధించింది కాబోలు, అతనిని పైకి పిలిచారు. ఆ ఏడాది క్రీడాదినాలు 183. అందులో పన్నెండు పోతే మిగిలినవి 171. సంవత్సరం నిండడానికి కావలసినవి 172.

ఒక్క రోజు! ఆ ఏడాది చివర ఆ యువకుడే తన లీగులో అత్యుత్తమ నూతన క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు. మరుసటి ఏడాది అత్యంత విలువైన క్రీడాకారుడి పురస్కారం పొందాడు. 108 ఏళ్ల తరువాత కబ్స్ క్లబ్బు జాతీయ విజేతగా నిలిచింది. ఇంతటి ఆటగాడు పన్నెండు రోజుల క్రితం పెద్దజట్టుకు 'తయారుగా లేడు' అని నమ్మాలట!

ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు నమోదు చేసింది. మధ్యవర్తి నిర్ణయం వెలువడినది 2020 జనవరిలో. అది యాజమాన్యానికి అనుకూలంగా వచ్చింది. దురుద్దేశం ఉన్నదని ఊహించడం వేరు, దానిని కాగితంమీద నిరూపించడం వేరు. మన పాఠకులలో ట్రిబ్యునళ్ల మెట్లు ఎక్కి దిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉంటుందో కారణం రాసుకునే కలం కూడా వారి చేతిలోనే ఉంటుంది.

అయితే దేవుడు అప్పుడప్పుడు యజమానుల నోటనే నిజం పలికిస్తాడు. 2021 ఫిబ్రవరిలో సియాటిల్ మారినర్స్ క్లబ్బు అధ్యక్షుడు కెవిన్ మేథర్ ఒక రోటరీ క్లబ్బు సభ్యులతో మాట్లాడుతూ, తమ యువ ఆటగాళ్లను ముందటి ఏడాది పెద్దజట్టులోకి రానీయకపోవడం వెనుక సర్వీసు లెక్క ఉన్నదన్న సంగతిని దాపరికం లేకుండా చెప్పివేశాడు. జారెడ్ కెలెనిక్ అనే ఆటగాడిని రానున్న ఏడాది మొదటి నెల టకోమాలోని కింది జట్టులో ఉంచి, తరువాత ఆరేడేళ్లు తమ మైదానంలో ఆడించుకుంటామన్న ఉద్దేశాన్ని కూడా వెల్లడించాడు. ఆ ప్రసంగపు చిత్రం బయటికి వచ్చింది. గగ్గోలు పుట్టింది. ఆయన రాజీనామా చేశాడు. గమనించవలసినదేమంటే, ఆ పద్ధతి మాత్రం రాజీనామా చేయలేదు.

'కోటీశ్వరుల తగాదా' అనేవారికి

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. ఆ బ్రయంట్ అనంతరం 2022లో మరొక క్లబ్బుతో ఏడేళ్లకు 18 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు కదా; కోటీశ్వరుడికి ఒక్క రోజు పోతే మనకేమి, గ్యాంగ్‌మన్‌కూ రన్నర్‌కూ అతనితో పోలికేమిటి అని.

పోలిక జీతంలో లేదు. పోలిక సూత్రంలో ఉన్నది. లోకమంతా పేరెరిగిన ఆటగాడికి, వెనుక బలమైన సంఘమున్న ఆటగాడికి, తన ఒక్క రోజును తిరిగి రాబట్టుకోవడం సాధ్యపడలేదు. అటువంటప్పుడు పేరులేనివాడి రోజులు ఎవరు లెక్కపెడతారు? పెద్దజట్టు గడప తొక్కని వేలాదిమంది మాట ఏమిటి? ఆ వేలాదిమంది జీతాలను చూచినవారు 'కోటీశ్వరులు' అన్న మాటను మళ్లీ నోటితో అనరు.

2022లో ట్రిపుల్-ఎ ఆటగాడి కనీస వార్షిక ఆదాయం 17,500 డాలర్లు. అడుగుమెట్టున శిక్షణ కేంద్రపు పోటీలలో ఆడేవాడికి 4,800 డాలర్లు. అదే ఏడాది పెద్దజట్టులో కనీస జీతం 7 లక్షల డాలర్లు. ఒక్క మెట్టు ఎక్కితే నలభై రెట్లు! ఆ ఒక్క మెట్టు తాళంచెవి యజమాని జేబులో ఉన్నది. ఇక వసంతకాలపు శిక్షణ శిబిరం సంగతి మరింత ఘోరం. జోస్యాలు చెప్పేవారు పుటలకు పుటలు నింపే ఆ కాలానికి కింది జట్లవారికి దశాబ్దాలపాటు జీతమే లేదు. అది పని కాదట, శిక్షణ అట!

రైల్వే సోదరులు ఈ వాదాన్ని వెంటనే గుర్తుపడతారు. బండి కదిలితేనే డ్యూటీ అనడం ఎంత అసంబద్ధమో వారికి తెలుసు. పని గంటల నిబంధనలలో ప్రిపరేటరీ, కాంప్లిమెంటరీ పని అనే పేరుతో బండి కదలకముందు, ఆగిన తరువాత చేసే పనికి కూడా గుర్తింపు ఉన్నది. ఆ గుర్తింపు ఎవరి దయాధర్మమూ కాదు. బంతిని మరమ్మతు చేసినట్లు దేహాన్ని మరమ్మతు చేసుకుంటూ యజమాని చెప్పిన వేళకు, చెప్పిన చోట, చెప్పినట్లు చేసేది పని కాకపోతే మరేమిటి?

ఈ ప్రశ్ననే ఆరన్ సెన్ అనే మాజీ ఆటగాడు, మరికొందరు కలిసి 2014లో న్యాయస్థానం ముందుంచారు. వారి పక్షాన నిలిచిన న్యాయవాది గారెట్ బ్రోషూయిస్ కూడా ఒకప్పుడు కింది జట్లలో బంతి విసిరినవాడే. వ్యాజ్యం నడుస్తుండగా యజమానులు ఊరుకున్నారా? 2018 మార్చిలో రెండువేలకు పైగా పుటలున్న ప్రభుత్వ వ్యయ బిల్లులో 'సేవ్ అమెరికాస్ పాస్‌టైమ్ యాక్ట్' అనే చిన్న నిబంధనను చొప్పించి చట్టం చేయించుకున్నారు. కింది జట్ల ఆటగాడు వారంలో ఎన్ని గంటలు శ్రమించినా 40 గంటలకు కనీస వేతనం ఇస్తే చాలు, ఓవర్‌టైమ్ అక్కరలేదు, శిక్షణకాలానికి అదీ అక్కరలేదు అన్నది దాని సారాంశం. పేరేమో 'జాతీయ క్రీడను కాపాడే చట్టం'. కాపాడబడినది ఓవర్‌టైమ్ సొమ్ము!

అయినా వ్యాజ్యం ఆగలేదు. 2022 మార్చిలో న్యాయమూర్తి జోసెఫ్ స్పీరో, ఈ ఆటగాళ్లు ఏడాది పొడుగునా ఉద్యోగులే, శిక్షణ కూడా పనే అని నిర్ణయించారు. విచారణ ముంగిట యజమానులు 18 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీపడ్డారు.

చట్టం కన్నుమూసిన వంద సంవత్సరాలు

ఇంతటి నిరంకుశత్వం స్వేచ్ఛావాణిజ్యపు కాణాచి అని చెప్పుకునే దేశంలో ఎలా సాగింది? 1922లో అమెరికా సుప్రీంకోర్టు, జస్టిస్ హోమ్స్ రాసిన తీర్పులో, బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కాదు కనుక గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని చెప్పింది. జట్లు ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి ప్రయాణం చేయడం కేవలం ప్రాసంగికమట! రైలు ప్రయాణం చేసే జట్టుకు రాష్ట్రాల సరిహద్దులు కనిపించాయి, చట్టానికి కనిపించలేదు.

ఆనాడు ప్రతి ఒప్పందంలోను 'రిజర్వ్ క్లాజు' ఉండేది. ఏడాది ముగియగానే యజమాని తన ఇష్టప్రకారం మరొక ఏడాదికి, ఆపైన మరొక ఏడాదికి ఆటగాడిని కట్టివేయవచ్చు. దీనిని ఎదిరించినవారిలో జార్జి టూల్సన్ పేరు మరువరానిది. అతడు న్యూయార్క్ యాంకీస్ వారి నెవార్క్ కింది జట్టులో బంతి విసిరేవాడు. అంతకంటె దిగువనున్న బింగమ్టన్ జట్టుకు వెళ్లమన్నారు. వెళ్లనన్నాడు. ఆట నుంచే బహిష్కరించారు. 1953లో సుప్రీంకోర్టు ఏడుగురు-ఇద్దరు తేడాతో అతని వాదాన్ని తోసిపుచ్చి, మార్చవలసి ఉంటే కాంగ్రెస్ మార్చాలన్నది. పత్రికలలో ఒక్క పంక్తిలో వచ్చే 'జట్టు మార్పు'కు ఎదురుతిరిగిన మనిషికి లభించిన ఫలితమిది.

1969లో సెయింట్ లూయీ క్లబ్బు తనను ఫిలడెల్ఫియాకు మార్పిడి చేస్తే కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు, తాను కొని అమ్మే వస్తువును కానంటూ తిరగబడ్డాడు. 1972లో అతడూ ఓడిపోయాడు, ఆటజీవితం కోల్పోయాడు. కాని ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసి, 1966లో ఆటగాళ్ల సంఘం సారథ్యం చేపట్టిన మార్విన్ మిల్లర్, న్యాయస్థానంలో పోయినదానిని సమష్టి బేరసారాల ద్వారా రాబట్టాడు. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ నిర్ణయంతో రిజర్వ్ క్లాజు వెన్ను విరిగింది. న్యాయస్థానాలు యాభై ఏళ్లలో చేయని పనిని సంఘం పదేళ్లలో చేసింది.

సంఘం చేసిన తప్పు, దిద్దుకున్న తీరు

ఇంతవరకు యజమానులను విమర్శించాము. ఇక ఇంటి సంగతి మాట్లాడుకోవాలి. ఎందుచేతనంటే ఈ వ్యాసం ఉద్దేశమే అది.

1966లో సంఘం పెద్దజట్టు ఆటగాళ్లను సంఘటితం చేసింది. కింది జట్లవారిని సభ్యులుగా చేర్చుకోలేదు. సంఘ సభ్యులు దాదాపు అందరూ ఆ మెట్లు ఎక్కి వచ్చినవారే. ఎక్కిన తరువాత నిచ్చెనను మరచిపోయారు. 1998లో కర్ట్ ఫ్లడ్ పేరుతోనే ఒక చట్టం వచ్చింది. పెద్దజట్టు ఆటగాళ్లకు గుత్తాధిపత్య నిరోధక చట్టపు రక్షణ లభించింది. కింది జట్లవారిని మాత్రం స్పష్టంగా మినహాయించారు. టూల్సన్ వంటివాడికి ఫ్లడ్ పేరిట వచ్చిన చట్టంలో కూడా చోటు దొరకలేదు! పర్యవసానం ఏమైనది? 2021నాటికి నలభైకి పైగా కింది జట్లను ఒక్క కలంపోటుతో వ్యవస్థ నుంచి తొలగించి, 120 మాత్రమే మిగిల్చినప్పుడు ఆ ఆటగాళ్ల తరఫున బేరమాడే సంఘమే లేదు.

సంఘటితం కావడం అసాధ్యమని దశాబ్దాలపాటు చెప్పుకున్నారు. వారు చెదురుమదురుగా ఉన్నారు, ప్రతివాడికీ పైకి వెళ్లాలన్న ఆశే తప్ప పక్కవాడిపై ధ్యాస లేదు, నోరు విప్పితే జాబితానుంచి పేరు పోతుందని భయం అన్నారు. ఈ మాటలన్నీ మన సమావేశాలలో కాంట్రాక్టు కార్మికులను గురించి వినబడే మాటలే కదా! 2022 ఆగస్టు చివర ఆటగాళ్ల సంఘం కింది జట్లవారికి సభ్యత్వ సమ్మతి పత్రాలు పంపింది. మూడు వారాలైనా గడవకముందే అత్యధికులు సంతకాలు చేశారు. సెప్టెంబరు మధ్యకు సంఘాన్ని గుర్తించక యజమానులకు తప్పలేదు. అదే నెలలో ఆటగాళ్ల సంఘం అమెరికా కార్మిక సమాఖ్య అయిన ఎ.ఎఫ్.ఎల్.-సి.ఐ.ఓ.లో చేరింది. యాభై ఆరేళ్లు అసాధ్యమన్నది మూడు వారాలలో సాధ్యమైనది. లేనిది ఆటగాళ్ల చైతన్యం కాదు. లేనిది సంఘం చాచవలసిన చేయి.

2023 మార్చి చివర తొలి ఒప్పందం కుదిరింది. ట్రిపుల్-ఎ కనీస వేతనం 17,500 నుంచి 35,800 డాలర్లకు, అడుగుమెట్టు వేతనం 4,800 నుంచి 19,800 డాలర్లకు పెరిగింది. శిక్షణకాలానికి కూడా జీతం ఖాయమైనది. 19 ఏళ్లు, ఆపైన వయసులో ఒప్పందం చేసుకునేవారిపై కింది వ్యవస్థలో క్లబ్బు అధికారం ఏడేళ్లనుంచి ఆరేళ్లకు తగ్గింది. అయితే ఈ గెలుపు సంపూర్ణం కాదు. ఒక్కొక్క క్లబ్బు ఉంచుకోగల ఆటగాళ్ల సంఖ్యను 180 నుంచి 165కు తగ్గించడానికి యజమానులు అంగీకారం పొందారు. డొమినికన్ అకాడమీలలోని పిల్లలు ఒప్పందపు పరిధిలోకే రాలేదు. నిచ్చెన ఇంకొక మెట్టు కిందికి పొడిగించవలసి ఉన్నది. ఈ లోపాన్ని దాచి విజయగానం చేయడం కార్మికోద్యమానికి తగదు.

మన మస్టర్ రోలు

మిత్రులారా! 1974 మే 8న మొదలైన చరిత్రాత్మక రైల్వే సమ్మె కోర్కెలలో కాజువల్ విధానపు రద్దు కూడా ఒకటి. పర్మనెంటు ఉద్యోగి తన బోనసుకోసమే గాక, మస్టర్ రోలులో పేరు నిలవని సోదరుడి కోసం కూడా ఆనాడు జైలుకు వెళ్లాడు. 1977లో రాజమ్మ కేసులో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టు కలిగినవారేనని సుప్రీంకోర్టు చెప్పింది. 1985లో ఇందర్ పాల్ యాదవ్ కేసు వలన ప్రాజెక్టులలోని కాజువల్ కార్మికులకు ఒక పథకం ప్రకారం తాత్కాలిక హోదాకు దారి ఏర్పడింది. ఇవన్నీ లెక్కలో చేర్చని రోజులను లెక్కలోకి ఎక్కించిన పోరాటాలే.

మరి నేటి మాట? ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అన్న పేరు పోయి గ్రామీణ డాక్ సేవక్ అన్న పేరు వచ్చింది. 4 గంటలు, 5 గంటలు అనే కొలబద్దతో ఇచ్చే సొమ్మును వేతనమనైనా అనరు, అలవెన్సు అంటారు. రైల్వేలో శుభ్రతపని మొదలుకొని ఎన్నో పనులు కాంట్రాక్టర్ల చేతిలోకి వెళ్లాయి. టెండరు మారినప్పుడల్లా ఆ కార్మికుడి సర్వీసు మళ్లీ ఒకటవ రోజునుంచి మొదలవుతుంది. అతనికి 172వ రోజన్నది ఏనాటికీ రాదు.

ఒకే ప్లాట్‌ఫారంమీద, ఒకే బ్రాంచి ఆఫీసులో వారితో కలిసి పనిచేసే మనము మన సంఘపు జాబితాలో వారికి ఎక్కడ చోటిచ్చాము? వారి కోర్కెలు మన మహాసభల తీర్మానాలలో చిట్టచివరి అంశంగా, కాలహరణ భయంతో చప్పట్లమధ్య ఆమోదం పొందే అంశంగా మిగిలిపోవడం లేదా? 'వారి సంగతి వేరు' అనే మాటను యజమాని నోట వింటే మండిపడతాము. అదే మాట మన నోటినుంచి వచ్చినప్పుడు చెవికి ఆనదు. పెద్దజట్టు ఆటగాళ్లు యాభై ఆరేళ్లు చేసిన తప్పు సరిగ్గా ఇదే.

కింది మెట్టు బలహీనంగా ఉంటే పైమెట్టు నిలబడదు. పైవాడు హక్కు అడిగినప్పుడల్లా 'నీ చోటుకు తక్కువ కూలికి కిందివాడు తయారుగా ఉన్నాడు' అని యజమాని చూపుడువేలు చూపుతాడు. ఆ వేలును వంచగలిగినది జాలి కాదు, సభ్యత్వ రసీదు.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ జోస్యాల సంత మొదలవుతుంది. ఫలానా యువకుడు ఇంకా తయారుగా లేడని, కొద్దివారాలు కింద ఉంచడమే ఉచితమని మళ్లీ రాస్తారు. ఎక్కడైనా ఒక కార్మికుడిని గురించి 'ఇంకా తయారుగా లేడు' అన్న మాట వినబడినప్పుడు మనము అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ మాట వలన లాభపడేదెవరు? దానికి జవాబు దొరికిన తరువాత చేయవలసిన పని కూడా ఒక్కటే. మన బ్రాంచిలో, మన డివిజన్‌లో సర్వీసు లెక్కకు రాని ప్రతి కార్మికుడి పేరూ రాసుకోవాలి, అతని పని దినాలు రాసుకోవాలి, అతని చేతికి సభ్యత్వ పత్రం అందించాలి. యజమాని మస్టర్ రోలు చెరిపివేసిన రోజులను సంఘపు దస్తరం పదిలపరచాలి.

లెక్క రాసే కలం కార్మికుల చేతికి రావాలి!
అడుగుమెట్టు కార్మికుడి ఐక్యత వర్ధిల్లాలి!